కారులో పెట్రోలు ఆదా: కొలత, గాలి, కాలు, ఈ వరసలోనే

"మీ కారు ఎంత ఇస్తుంది?" అని అడిగితే చాలామంది షోరూంలో విన్న అంకె చెబుతారు. ఇంకొందరు డ్యాష్‌బోర్డు మీద కనిపించేది చదువుతారు. ఈ రెండింటిలో ఏదీ మీ జేబులోంచి పోతున్న డబ్బు లెక్క కాదు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా ఎప్పుడూ ఒకటే: ఏసీ ఆపేయాలా, ఖరీదైన పెట్రోలు పోయించాలా, దిగుడులో న్యూట్రల్ వేస్తే కలిసొస్తుందా?

వీటన్నిటికీ జవాబులు ఉన్నాయి. కాకపోతే ముందు చేయాల్సింది వెనక, వెనక చేయాల్సింది ముందు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఇక్కడ చెప్పేది మామూలు పెట్రోలు మాన్యువల్ కారుని దృష్టిలో పెట్టుకుని. డీజిల్, ఆటోమేటిక్ కార్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

1. ముందు ఇప్పుడెంత వస్తోందో కొలవండి

ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ పద్ధతి ఒక్కటే నమ్మదగింది.

☐ ఒకే బంకు, వీలైతే ఒకే పంపు ఎంచుకోండి. కారు చదునుగా ఉన్నచోట ఆపండి.
☐ నాజిల్ దానంతటది 'టక్' మని ఆగేదాకా కొట్టించండి. అక్కడితో చాలు. రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించొద్దు.
☐ ట్రిప్ మీటరు సున్నా చేయండి.
☐ కనీసం 300 కిలోమీటర్లు తిరగండి. ఎప్పుడూ నడిపినట్టే నడపండి.
☐ మళ్ళీ అదే పంపులో, నాజిల్ ఆగేదాకానే కొట్టించండి.
☐ తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి.

ఉదాహరణకు 312 కిలోమీటర్లు తిరిగాక 21.4 లీటర్లు పట్టిందనుకోండి. మీ మైలేజీ 14.6. డ్యాష్‌బోర్డు దాన్నే 15.5 అనో 16 అనో చూపిస్తుండవచ్చు. సాధారణంగా అది కాస్త ఉదారంగానే చెబుతుంది.

ఫోనులో ఒక నోట్ తెరిచి తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, ఎక్కువగా ఊళ్ళో తిరిగారా హైవే మీదా అన్నది రాసి పెట్టుకోండి. ఒక్క ట్యాంకు చూసి ఏదీ తేల్చొద్దు. మూడు ట్యాంకుల సగటు తీయండి.

కంపెనీ చెప్పే అంకె ల్యాబులో, రోలర్ల మీద, ఒక నిర్ణీత పద్ధతిలో కారుని నడిపి తీసింది. అక్కడ అమీర్‌పేట ట్రాఫిక్ ఉండదు, బెంజ్ సర్కిల్ సిగ్నలూ ఉండదు. కార్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. మీ కారుకి పోటీ పెట్టాల్సింది మాత్రం దాని పోయిన నెల అంకెతోనే.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పాత పెట్రోలుకి తయారై 10 శాతం ఇథనాల్‌కి సరిచేసిన కార్లలో 6 నుంచి 7 శాతం దాకా, 20 శాతానికి సరిచేసిన వాటిలో 1 నుంచి 2 శాతం దాకా మైలేజీ తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. మీది పాత కారైతే అంతమేరకు తగ్గింది మీ తప్పు కాదు. దాన్ని రాబట్టే ఉపాయం కూడా లేదు. మిగతాది మీ చేతుల్లో ఉంది. మీ కాళ్ళలో ఉంది అనాలేమో.

ఎంత మిగులుతుందో లెక్క వేయండి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కారు 14 నుంచి 17కి వచ్చిందంటే 71 లీటర్లు తాగేది 59 లీటర్లతో సరిపెట్టుకుంటుంది. లీటరు 110 రూపాయలనుకుంటే నెలకు 1,300 పైమాటే.

2. టైర్లలో గాలి

డ్రైవరు తలుపు తెరిస్తే ఫ్రేము మీద ఒక స్టిక్కరు ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత అన్నది అక్కడే రాసి ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంతో కూడా ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. దాన్ని చూసి కొట్టించకండి.

గాలి కొట్టే కుర్రాడు "35 పెట్టమంటారా సార్?" అని అందరినీ అడుగుతాడు. స్టిక్కరు మీద 33 ఉంటే 33 అనే చెప్పండి. ఎక్కువ కొట్టిస్తే కారు తేలిగ్గా పోతుందన్నది కొంతవరకు నిజమే. దాంతోపాటు టైరు నడిమధ్యలో అరుగుతుంది, వానలో పట్టు తగ్గుతుంది, గతుకులన్నీ నడుముకు తెలుస్తాయి.

☐ టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లకు మించి తిరిగి ఉండకూడదు.
☐ హైవే మధ్యలో వేడి టైరులో గాలి ఎక్కువ చూపించిందని తీయించేయకండి. చల్లారాక తక్కువైపోతుంది.
☐ పదిహేను రోజులకోసారి చూడండి. స్టెప్నీని మరవొద్దు.
☐ కొన్ని వందల రూపాయలకు చిన్న గేజ్ దొరుకుతుంది. బంకుల్లో ఉండే మీటర్లన్నీ నిజం చెబుతాయన్న హామీ లేదు.

నైట్రోజన్ కొట్టించాలా అని అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా పెడితే పెట్టించుకోండి, డబ్బులిచ్చి మాత్రం వద్దు.

నిజం చెప్పాలంటే, గాలి సరిచేసినంత మాత్రాన మైలేజీ ఎగబాకదు. నాలుగు టైర్లలోనూ ఆరేడు పాయింట్లు తక్కువుంటే పోయేది ఒకటి, ఒకటిన్నర శాతం. అయినా రెండో మెట్టుగా ఎందుకు పెట్టానంటే దీనికి ఖర్చు లేదు, పైగా టైరు ఎక్కువ కాలం వస్తుంది.

3. చక్రాలు తేలిగ్గా తిరుగుతున్నాయా

ఇది చాలామంది చూడరు. నేనూ చూడలేదు. ఒక వేసవిలో నా కారు 15 నుంచి 12కి పడిపోయింది. ఒక వర్క్‌షాపులో ప్లగ్గులు మార్చారు, ఫిల్టరు మార్చారు, ఇంజెక్టర్లు (ఇంజన్లోకి పెట్రోలు చిమ్మేవి) కడిగారు. బిల్లు పెరిగింది, మైలేజీ పెరగలేదు. చివరికి మా వీధి చివర పంక్చర్లు వేసే ఆయన టైరు విప్పుతూ, "ఈ వెనక చక్రం ఇంత కాలుతోందేంటి బాబూ?" అన్నాడు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగుసుకుపోయి పూర్తిగా వదలడం లేదు. అన్ని నెలలూ సగం బ్రేకు వేసుకునే తిరిగానన్నమాట.

మీరే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి.

మొదటిది: చదునైన నేల మీద న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ దించండి. లోపల ఒకరు కూర్చుని ఉండగా బయటినుంచి ఒక్కరు నెట్టాలి. చిన్న కారైతే కాస్త బలం పెడితే కదిలి, కదిలాక తేలిగ్గా పోతుంది. మొండికేస్తే ఎక్కడో పట్టేస్తోంది.

రెండోది: బ్రేకు పెద్దగా వాడని దారిలో పది కిలోమీటర్లు నడిపి ఆపండి. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూడండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. ఎడమ, కుడి ఒకేలా ఉండాలి. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే బ్రేకు వదలడం లేదు. అది మైలేజీకే కాదు, ప్రాణానికీ మంచిది కాదు. వెంటనే చూపించండి.

స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నా కారు ఒక పక్కకు లాగుతున్నా, టైరు ఒక అంచునే అరుగుతున్నా అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండేలా సరిచేయడం) చేయించండి. పెద్ద గుంతలో గట్టిగా పడ్డాక కూడా ఒకసారి చూపించుకోవడం మేలు.

4. సర్వీసింగులో మైలేజీకి పనికొచ్చేవి

☐ ఇంజన్ ఆయిల్: కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో రాసిన గ్రేడే. 0డబ్ల్యు-20 అడిగే ఇంజన్లో చిక్కటి 20డబ్ల్యు-50 పోస్తే ఆ చిక్కదనాన్ని తిప్పడానికే కొంత పెట్రోలు పోతుంది.
☐ స్పార్క్ ప్లగ్గులు: మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు మార్చండి. ఐడ్లింగ్‌లో (కారు ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) వణుకు ఉంటే ముందే చూపించండి.
☐ చెక్ ఇంజన్ లైటు: వెలిగితే స్కాన్ చేయించండి. ఆక్సిజన్ సెన్సర్ చెడితే ఇంజన్ అవసరానికి మించి తాగుతుంది.

ఎయిర్ ఫిల్టరు మీద నమ్మకం కాస్త ఎక్కువైంది. కార్బురేటర్ల కాలంలో అది మూసుకుపోతే పెట్రోలు నిజంగానే ఎక్కువ పోయేది. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో లోపలికి వచ్చిన గాలిని బట్టి కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తుంది. కాబట్టి ముందు తగ్గేది పికప్పే. ఫిల్టరు సమయానికి మార్చండి, అద్భుతాలు ఆశించకండి.

డిక్కీ ఖాళీ చేయడం కూడా ఈ పనుల్లోదే. పెళ్ళికి వాడిన ఇత్తడి సామాను, ఊరినుంచి తెచ్చి దింపని బియ్యం బస్తా, చెప్పుల సంచులు తీసేయండి. సుమారు 45 కిలోల బరువుకి ఒక శాతం పోతుంది. పైకప్పు క్యారియర్‌కి బరువు కన్నా గాలి దెబ్బ ఎక్కువ. వాడనప్పుడు విప్పి ఇంట్లో పెట్టండి.

5. అసలు సంగతి: కాలు

ఇక్కడే పెట్రోలు ఎక్కువ పోతుంది, ఇక్కడే ఎక్కువ మిగులుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. మనుషులతో కలిపి 1,100 కిలోల కారుని 60 వేగానికి తేవడానికి సుమారు 20 మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి ఆపితే ఆ వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారిపోతుంది. అంటే 60 నుంచి సున్నాకి తొక్కిన ప్రతిసారీ దాదాపు రెండు రూపాయలు. 40 నుంచైతే ఒక రూపాయి. ఊళ్ళో ఆఫీసుకి వెళ్ళేలోపు ముప్పైసార్లు ఆగేవాళ్ళు లెక్క వేసుకోండి.

బ్రేకు వేయొద్దని కాదు. వేయాల్సినచోట వేయాల్సిందే. వేయాల్సిన అవసరమే రాకుండా ముందే కాలు తీయడం నేర్చుకోవాలి.

*5.1 దూరం చూడండి.* మీ ముందున్న బండి వెనక లైట్లు చూసి నడిపితే ప్రతిసారీ ఆలస్యంగానే తెలుస్తుంది. దాని ముందు రెండు, మూడు బండ్లవతల ఏం జరుగుతోందో చూడండి. సిగ్నల్ ఎరుపు కనిపిస్తే, బస్టాపు దగ్గర ఆర్టీసీ బస్సు ఇండికేటర్ వేస్తే, ఆటో పక్కనున్న మనిషి చెయ్యెత్తితే అప్పుడే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. ముందు బండికీ మీకూ మూడు సెకన్ల ఎడం ఉంచితేనే ఇది కుదురుతుంది. ఆ సందులో బైకులు దూరతాయి. దూరనివ్వండి.

*5.2 గేరులోనే వదలండి.* కారు గేరులో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, ఇంజన్ వేగం ఐడ్లింగ్ దగ్గరికి పడేదాకా ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. అదే న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. దిగుడులో న్యూట్రల్ ఆదా అన్నది అందుకే తలకిందుల లెక్క.

దిగుడులో ఇంజనే ఆపేసేవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. బ్రేకుకి సాయం అందదు, స్టీరింగ్ బండబారుతుంది, తాళం వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ పడవచ్చు.

*5.3 గేర్లు తొందరగా ఎక్కించండి.* పెట్రోలు కారు 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య, డీజిల్ 1,500 నుంచి 2,000 మధ్య పై గేరు అడుగుతుంది. గేరు మార్చమని బాణం గుర్తు చూపించే కార్లుంటే దాన్ని గమనించండి. తొందరగా అన్నాం కదా అని 30 వేగంలో ఐదో గేరు వేయకండి. ఇంజన్ గుర్రు గుర్రుమని వణుకుతుంటే గేరు దించాలి.

*5.4 కదిలేటప్పుడు.* గుడ్డు మీద కాలు పెట్టినట్టు నడపాలనేది ఒక అపోహ. అంత మెల్లగా వెళితే కింది గేర్లలోనే ఎక్కువసేపు ఉండిపోతారు. మధ్యస్తంగా తొక్కి, గేర్లు త్వరగా మార్చి, కావలసిన వేగానికి రాగానే కాలు తేలిక చేయండి.

*5.5 ఎడమ కాలు.* గేరు మార్చాక క్లచ్ మీంచి పూర్తిగా తీసి పక్కన నేల మీద పెట్టండి. కాలు ఊరికే ఆనించినా క్లచ్ కొంత జారుతుంది. ఎక్కుడులో కారుని క్లచ్‌తో నిలబెట్టడం ఇంకా ఖరీదు. హ్యాండ్‌బ్రేక్ వాడండి. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే) కార్లవాళ్ళు ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో బండిని ఆపి ఉంచొద్దు, అందులోనూ లోపల ఉన్నది క్లచ్చే.

6. ఆగి ఉన్నప్పుడు

చిన్న పెట్రోలు ఇంజన్ ఊరికే తిరిగితే గంటకు సుమారు ముప్పావు లీటరు తాగుతుంది. ఏసీతో లీటరు దాటవచ్చు. పిల్లల కోసం స్కూలు బయట ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటే 30, 40 రూపాయలు పోయినట్టే.

సిగ్నల్ దగ్గర అంకెలు కనిపిస్తుంటే అర నిమిషం కన్నా ఎక్కువ ఉన్నప్పుడు ఇంజన్ ఆపండి. 5, 6 అంకెలు మిగిలి ఉండగా స్టార్ట్ చేస్తే వెనకాల హారన్లు మోగవు. బ్యాటరీ నీరసంగా ఉంటే మాత్రం ముందు దాని సంగతి చూడండి. ఆటోస్టాప్ (కారు ఆగగానే ఇంజన్ దానంతటదే ఆగే ఏర్పాటు) ఉన్న కారైతే దాన్ని ఆఫ్ చేసి పెట్టుకోకండి.

పొద్దున్నే ఇంజన్ వేడెక్కాలని ఐదు నిమిషాలు ఉంచే అలవాటు పాతది. మన వాతావరణానికి అర నిమిషం చాలు. తర్వాత మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే ఇంజన్ దారిలోనే వేడెక్కుతుంది. చల్లటి ఇంజన్ ఎక్కువ తాగుతుంది కనుక పాలకోసారి, మందులకోసారి, కూరగాయలకోసారి వెళ్ళే బదులు మూడూ ఒకే చుట్టులో ముగించండి. కిలోమీటరు లోపలైతే నడవండి.

7. హైవే మీద

గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళితే గాలి దెబ్బ 56 శాతం ఎక్కువ. 120కి వెళితే రెండుంబావు రెట్లు. హైదరాబాద్ ఔటర్ మీద 120 దాకా వెళ్ళవచ్చు, వెళ్ళాలని మాత్రం లేదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. కాగితం మీద 80కి బదులు 100లో వెళితే 40 నిమిషాలు కలిసిరావాలి. ఊళ్ళు, టోల్‌ప్లాజాలు, కుడి లేనులో కదలని లారీలు కలిపి చూస్తే అంత మిగలదు. చౌటుప్పల్ దగ్గర మిమ్మల్ని ఓవర్‌టేక్ చేసిన కారు సూర్యాపేట హోటల్ ముందు పార్కు చేసి కనిపించడం మామూలే.

☐ 80, 90 మధ్య ఒకే వేగం పట్టుకోండి. ఎడమ లేనులో ఉండండి.
☐ చదును దారిలో క్రూజ్ కంట్రోల్ మంచిదే. ఎగుడుదిగుళ్ళలో తీసేసి, ఎక్కేటప్పుడు వేగం కాస్త తగ్గనివ్వండి.
☐ టోల్‌కి అర కిలోమీటరు ముందే కాలు తీయండి.
☐ లారీ వెనక ఆనుకుని వెళితే గాలి తగలదని ఎవరో చెబుతారు. వినొద్దు.

శ్రీశైలం, మారేడుమిల్లి లాంటి ఘాట్లలో దిగేటప్పుడు ఏ గేరుతో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. కాలు తీసి ఉంటారు కాబట్టి పెట్రోలు పడదు, ఇంజనే పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రేకులు వేడెక్కి జారిపోవు.

8. ఏసీ

మే నెల మధ్యాహ్నం బెజవాడలో ఏసీ ఆపి పెట్రోలు ఆదా చేయమని నేను చెప్పను. చెమటలు కక్కుతూ చిరాగ్గా నడిపితే ఆ చిరాకంతా యాక్సిలరేటర్ మీదే పడుతుంది.

☐ ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అద్దాలన్నీ దించి ఒక నిమిషం నడపండి. లోపలి సెగ పోయాక ఏసీ వేయండి.
☐ చల్లబడగానే బయటి గాలి మూసి లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి.
☐ 18లో పెట్టి వణకడం కన్నా 24, 25 చాలు.
☐ ఊళ్ళో 40 లోపు వేగంలో, చల్లటి పూట అద్దాలు దించుకోండి. హైవే మీద మాత్రం అద్దాలు మూసి ఏసీ వేసుకోవడమే నయం.

9. డబ్బులు తగలేయకండి

ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు: మీ ఇంజన్ అడగకపోతే అదనపు ఖర్చే. ఆక్టేన్ అంటే శక్తి కాదు, ఇంజన్ తట్టుడు (లోపల పెట్రోలు దానంతటదే అంటుకుని వచ్చే టకటక చప్పుడు) రాకుండా ఆపే గుణం.

పెట్రోలు పైపుకి కట్టే అయస్కాంతాలు, స్టీరింగ్ కింద సాకెట్‌కి తగిలించే 'సేవర్లు': వద్దు. ఆ డబ్బుతో ఒక గాలి గేజ్ కొనుక్కోండి.

తెల్లవారుజామున కొట్టిస్తే ఎక్కువ వస్తుందనడం: బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, లోపలి వేడి పొద్దునకీ మధ్యాహ్నానికీ పెద్దగా మారదు. కొలత మీద అనుమానముంటే 110, 210 అని వింత అంకెలు చెప్పడం కన్నా బంకులో ఉండే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

10. ఉన్నట్టుండి పడిపోతే

మైలేజీ ఒక ట్యాంకుకి కాస్త తగ్గితే కంగారు పడొద్దు. వరసగా రెండు ట్యాంకులు పది శాతం పైగా తగ్గితే ఈ వరసలో చూడండి.

1. ఈ రెండు ట్యాంకుల్లో ట్రాఫిక్, ఏసీ, బరువు ఏమైనా మారాయా? నోట్ తీసి చదవండి.
2. టైర్లలో గాలి.
3. చక్రాల వేడి, హ్యాండ్‌బ్రేక్.
4. కొత్త టైర్లు వేయించారా? వెడల్పు పెరిగితే కొంత తగ్గుతుంది.
5. చెక్ ఇంజన్ లైటు, ఐడ్లింగ్‌లో వణుకు.
6. కారు కింద తడి, లోపల పెట్రోలు వాసన. వాసన వస్తే నడపొద్దు, మెకానిక్‌నే పిలిపించండి.
7. క్లచ్ జారడం: ఆర్‌పీఎం లేస్తుంది, కారు మాత్రం లేవదు.

మొదటి నాలుగింటికీ పైసా ఖర్చు లేదు. అవి చూశాకే వర్క్‌షాపుకి వెళ్ళండి. వెళ్ళాక "మైలేజీ రావట్లేదు" అనకుండా, "ఆరు ట్యాంకులు 15 వచ్చింది, పోయిన రెండు ట్యాంకులు 12 వస్తోంది, వెనక ఎడమ చక్రం వేడిగా ఉంటోంది" అని చెప్పి ఆ నోట్ చూపించండి. అప్పుడు ఇంజెక్టర్లు కడగాలనే మాట అంత తొందరగా రాదు.